టేబుల్ టెన్నిస్ సర్వీస్: అపోహలు - వాస్తవాలు

టీటీలో ఎదుటివారి బంతి కోసం ఎదురుచూడకుండా ఆడే షాట్ సర్వీస్ ఒక్కటే. అయినా రోజూ రెండు గంటలు ర్యాలీలు ఆడేవాళ్లు కూడా దీనికి పది నిమిషాలు కేటాయించరు. అందుకే ఈ అపోహలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతున్నాయి.

అపోహ: చెయ్యి బలంగా ఊపితేనే స్పిన్ పడుతుంది.

బలంగా ఊపితే వచ్చేది వేగం. బంతి బరువు 2.7 గ్రాములే. రబ్బరు దాన్ని ఢీకొడితే ముందుకు దూసుకుపోతుంది, ఒరుసుకుంటూ పోతే గిర్రున తిరుగుతుంది. హ్యాండిల్‌ను గుప్పిట్లో బిగించి పడితే మణికట్టు ఆడదు. ఫోర్‌హ్యాండ్ సర్వీస్‌కు కింది మూడు వేళ్లు వదులు చేసి, బ్యాట్‌ను బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టుకోండి. బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి తిరిగే స్పిన్) కావాలంటే బ్యాట్‌ను దాదాపు వెల్లకిలా తిప్పి, బంతి అడుగును సన్నగా గీరాలి. గట్టిగా ‘టక్’మని వినిపించిందంటే గీరలేదు, కొట్టారు. ముందు నేల మీద వేసి చూసుకోండి: బంతి ముందుకు వెళ్లి, ఆగి, మీ వైపు దొర్లుకుంటూ రావాలి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ సింగిల్స్ విజేత మా లిన్ సర్వీస్‌లో బంతి అవతలి కోర్టులో పడి తిరిగి నెట్ వైపు వచ్చేది ఈ ఒరుపుతోనే.

ఇంకో సంగతి. అదే ఊపులో బంతి బ్యాట్ కొన దగ్గర తగిలితే స్పిన్ ఎక్కువ, హ్యాండిల్ దగ్గర తగిలితే తక్కువ. కొన వేగంగా కదలడమే కారణం. రెండోదాన్ని బ్యాక్‌స్పిన్ అనుకుని ఎదుటివారు పుష్ చేస్తే (బ్యాట్‌ను వెల్లకిలా పట్టి బంతిని కింది నుంచి ముందుకు తోస్తే) బంతి పైకి లేస్తుంది. మా దృష్టిలో కొత్త సర్వీసులు నాలుగు నేర్చుకోవడం కన్నా ఈ జంట మేలు.

అపోహ: షార్ట్ సర్వీస్ అంటే మెల్లగా కొట్టడం.

మెల్లగా కొడితే స్పిన్ కూడా పోతుంది. పొడవును ఎక్కువగా తేల్చేది మొదటి బౌన్స్. అది మీ ఎండ్‌లైన్ (మీ వైపు టేబుల్ చివరి అంచు) దగ్గర పడితే లాంగ్, మీ కోర్టు మధ్య నుంచి నెట్ వైపు పడితే షార్ట్. బంతిని ఛాతీ ఎత్తులో తాకితే ఎంత జాగ్రత్తపడినా ఎత్తుగా లేస్తుంది. దాదాపు నెట్ ఎత్తుకు, అంటే టేబుల్‌కు 15 సెం.మీ. పైకి, దిగాక తాకండి. ఎవరూ ముట్టుకోకపోతే అవతల రెండుసార్లు పడేదే షార్ట్ సర్వీస్.

అపోహ: టాస్ 16 సెం.మీ. వేస్తే నియమం తీరినట్టే.

ఆ 16 సెం.మీ. అరచేయి వదిలాక లెక్క. నెట్ ఎత్తు 15.25 సెం.మీ. కాబట్టి కంటికి అదే కొలత. చెయ్యి కదలకుండా, అరచేయి తెరిచి ఉండాలి. బంతి దాదాపు నిటారుగా లేచి, కిందికి దిగుతున్నప్పుడే కొట్టాలి. కొట్టేదాకా అది టేబుల్ ఎత్తుకు పైన, ఎండ్‌లైన్‌కు వెనక ఉండాలి. ఎదుటివారికి కనబడకుండా దాచడం 2002 నుంచి నిషిద్ధం, అందుకే టాస్ వేయగానే ఖాళీ చేతిని పక్కకు తీసేయాలి. అనుమానం వస్తే అంపైర్ మొదటిసారి లెట్ (పాయింటు లెక్కించకుండా మళ్లీ ఆడించడం) ఇచ్చి హెచ్చరించవచ్చు. తప్పు స్పష్టంగా ఉంటే హెచ్చరిక లేదు, పాయింటు పోతుంది.

నెట్‌కు తగిలి సరిగ్గా పడిన సర్వీసును మళ్లీ వేయడానికి పరిమితి లేదు. ‘కుడి సగం నుంచి కుడి సగానికే’ అన్నది డబుల్స్‌కే. టాస్ సరిగా రాలేదని బంతిని వదిలేస్తే మాత్రం మళ్లీ అవకాశం ఉండదు, పాయింటు అవతలివారిదే.

సర్వీస్ కొట్టి నిలబడి చూడటం చాలామంది అలవాటు. బంతి వెళ్లగానే వేళ్లు తిరిగి హ్యాండిల్ మీదికి రావాలి, టేబుల్ నుంచి అడుగు వెనక్కి పడాలి. సాధనలో ఒక్కో సర్వీసుకూ ఇంతదాకా చేయండి.