గుదిబండ నుంచి మెడపట్టె దాకా: వేటగాడికీ కట్టులేని కుక్కకూ మధ్య పాత తగాదా

ఎనిమిది అంగుళాల మందం, అడుగు చదరం ఉన్న కొయ్యదిమ్మ. దాని మీద కుక్క ముందుకాలు ఒకటి పెట్టాలి. మూడు గోళ్ల మీద రెండంగుళాల ఉలి ఆనించి, ఒకే దెబ్బతో మూడూ తెగిపడేలా కొట్టాలి. ఇంగ్లండ్ అటవీ చట్టాల మీద జాన్ మ్యాన్‌వుడ్ అనే న్యాయవాది 1598లో వెలువరించిన గ్రంథం ఈ పని జరగవలసిన తీరును ఇంత వివరంగా చెబుతుంది. ఆ కుక్క ఎవరినీ కరిచి ఉండకపోవచ్చు, ఏ లేడినీ తరిమి ఉండకపోవచ్చు. రాజు వేటాడే అడవి అంచున ఉన్న ఊళ్లో ఒక రైతు ఇంటికి కాపలా కాయడమే దానికి చుట్టుకున్న నేరం.

అడవిలో తిరుగుతున్న కుక్కను వేటగాడు కాల్చి చంపాడన్న వార్త ఏ దేశం నుంచి వచ్చినా వాదన ఒకే దారిలో నడుస్తుంది. అది వన్యప్రాణులను తరుముతోందని వేటగాళ్లు అంటారు. అది తప్పిపోయిన పెంపుడు కుక్క అని యజమాని ఏడుస్తాడు. చట్టం ఏమంటోందో వెతుకుతూ వెళితే, ఈనాటి నిబంధనల అడుగున ఎనిమిది వందల ఏళ్ల నాటి పునాదిరాళ్లు కనిపిస్తాయి. అడవి ఎవరిది, అందులోని జంతువు ఎవరిది అన్న తగాదాలో మనుషులు తమలో తాము తేల్చుకోలేకపోయిన ప్రతిసారీ శిక్ష కుక్క ఒంటి మీద పడింది. ఈ చరిత్ర చదివినకొద్దీ నా మనసులో గట్టిపడిన అభిప్రాయం ఇదే.

నార్మన్ రాజుల కాలంలో ఇంగ్లండ్‌లో 'అడవి' అంటే చెట్లున్న చోటని మాత్రమే అర్థం కాదు. రాజు వేట కోసం ప్రత్యేక చట్టం కిందికి తెచ్చిన నేల అంతా అడవే. ఊళ్లు, పొలాలు, బీళ్లు కూడా అందులో ఉండేవి. అక్కడి జింక రైతు పైరు మేస్తే రైతు దాన్ని కొట్టకూడదు. రైతు కుక్క జింకను తరిమితే మాత్రం తప్పు. రెండవ హెన్రీ 1184లో తెచ్చిన ఉడ్‌స్టాక్ శాసనంలో మ్యాస్టిఫ్ కుక్కల కాళ్లు 'సరిచేయాలన్న' నిబంధన ఉంది. అవి ఇంటి కాపలాకు పెంచే పెద్ద కుక్కలు. 1217 నాటి అటవీ హక్కుల పత్రం ఈ కోతకు ఒక హద్దు గీసింది. ముందుకాలి మూడు వేళ్లను తీసేయవచ్చు కానీ అరికాలి మెత్తను ముట్టకూడదు. మూడేళ్లకోసారి తనిఖీ జరగాలి. కాలు కోయించని కుక్క దొరికితే యజమాని మూడు షిల్లింగులు కట్టాలి, కుక్క పేరు చెప్పి ఎవరి ఎద్దునూ తోలుకుపోకూడదు. ఆ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. అంతకుముందు తోలుకుపోయేవారు కాబట్టే కదా వద్దని రాయవలసి వచ్చింది! కుక్కల తనిఖీ అటవీ ఉద్యోగులకు ఒక రాబడి మార్గంగా మారిపోయిందన్నమాట. ప్రజలకు హక్కులిచ్చిన పత్రంగా పేరు పొందిన ఆ పత్రం కూడా కోతను ఆపలేదు, దానికి కొలత మాత్రం పెట్టింది.

కొలత అన్న మాటకు సాక్ష్యం ఇప్పటికీ ఉంది. దక్షిణ ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్ ప్రాంతపు లిండ్‌హర్స్ట్‌లో, పాత అటవీ న్యాయస్థానపు హాలులో ఒక ఇనుప రికాబు వేలాడుతుంది. అందులోంచి దూరి పోగలిగినంత చిన్న కుక్కకు కాలికోత తప్పేదని చెబుతారు. దాన్ని పదకొండో శతాబ్దం చివర ఇంగ్లండ్‌ను ఏలిన విలియం రూఫస్ రాజు రికాబు అంటారు కానీ వస్తువు ఆయన కాలానికి చాలా తరువాతిది.

జర్మన్ సంస్థానాల్లో కాలికోతకు బదులు మరో పద్ధతి ఉండేది. రైతుల కుక్కల మెడకు అడ్డంగా కొయ్య దుడ్డు కట్టాలి. కుక్క పరుగెత్తగానే అది ముందుకాళ్లకు తగులుతుంది. పొలాల మీద పడే పశువు మెడకు కట్టే గుదిబండ మనకు తెలిసిందే, ఇది కుక్కకు కట్టిన గుదిబండ. తోడేళ్లు తిరిగే చోట మందను కాయవలసిన కుక్క మెడలో కొయ్య ఊగుతుంటే ఆ కాపరి ఏమనుకునేవాడో ఊహించుకోవచ్చు. అదే దొర వేటకు వచ్చినప్పుడు ఆయన జాగిలాలు పండిన చేలను తొక్కుకుంటూ పోయేవి, వాటి మెడలో ఏ కొయ్యా ఉండేది కాదు. 1789 ఆగస్టు 4 రాత్రి ఫ్రాన్స్ జాతీయ సభ ప్రభువుల ప్రత్యేక హక్కులను రద్దు చేసినప్పుడు ఆ జాబితాలో వేట హక్కు కూడా ఉండడానికి కారణం ఈ కడుపుమంటే. ఆ తరువాత ప్రతి భూయజమానీ తన నేల మీద వేటజంతువులను చంపుకోవచ్చునన్నారు.

ఇంగ్లండ్‌లో మార్పు తుపానులా రాలేదు, కోర్టు గదుల్లో మెల్లగా జరిగింది. 1671 నాటి వేట చట్టం ప్రకారం ఏడాదికి వంద పౌండ్ల రాబడి ఇచ్చే సొంత భూమి వంటి అర్హత ఉన్నవారే వేటాడాలి. అర్హత లేనివాడి ఇంటిని సోదా చేసి గ్రేహౌండ్‌లను, లర్చర్లనే సంకరజాతి వేటకుక్కలను, వలలను స్వాధీనం చేసుకునే అధికారం వేట కాపలాదారులకు వచ్చింది. వల ఎలాంటి పనిముట్టో కుక్క కూడా అలాంటి పనిముట్టే అన్నది ఆ చట్టం చూపు. ఇక కుక్కను దొంగిలించడాన్ని పాత ఇంగ్లిష్ న్యాయం గొర్రెను దొంగిలించినంత నేరంగా లెక్కించేదే కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1897లో కూడా, రైలు కింద పడి చనిపోయిన ఒక కుక్క కేసులో, కుక్క మీద ఆస్తిహక్కు అసంపూర్ణమైనదనే చెప్పింది. దాన్ని అడవి జంతువులకూ పెంపుడు పశువులకూ మధ్య ఎక్కడో నిలబెట్టింది. కుక్కను చంపడం అంత తేలిక కావడం వెనుక ఈ లెక్క ఉంది.

పందొమ్మిదో శతాబ్దపు మొదటి ఇరవై ఏళ్లలో ఇంగ్లండ్ న్యాయమూర్తుల ముందుకు వచ్చిన మూడు కేసులు ఈ తగాదాకు గుండెకాయ అని నేననుకుంటాను. మొదటిది 1808లో వచ్చింది. ఒకతను తన అడవిలో, బాటకు దగ్గరలో, ఘాటైన వాసన వేసే మాంసం ఎరగా పెట్టి బోనులు అమర్చాడు. దారిన పోయే కుక్కలు ఆ వాసనకు లోపలికి వెళ్లి చిక్కుకున్నాయి. నీ నేల మీద నువ్వు ఉచ్చు పెట్టుకోవచ్చునేమో కానీ, పరాయివాడి కుక్కను దాని సహజగుణంతోనే లాగి చంపడం తప్పని కోర్టు అతణ్ణి బాధ్యుణ్ణి చేసింది. మరుసటి ఏడాది వచ్చిన కేసులో ఒక కాపలాదారు కుందేలును తరుముతున్న కుక్కను కాల్చాడు. కుక్క మా ప్రభువుగారి నేల మీద కుందేలు వెంటపడింది అన్న జవాబు చాలదని కోర్టు తేల్చింది. కుందేలును కాపాడడానికి కాల్పు తప్పనిసరి అయిందని చూపాలి కదా అని అడిగింది. ఈనాడు చాలా దేశాల చట్టాల్లో కనిపించే 'వేరే మార్గం లేనప్పుడే' అన్న షరతుకు ఇది తొలి రూపాల్లో ఒకటి.

మూడోది మరీ బాధాకరం. ఆ రోజుల్లో కొందరు భూస్వాములు అడవిలో కుందేళ్లు నడిచే సన్నదారుల్లో ఇనుప శూలాలు అమర్చేవారు. కుందేలు వాటి కిందుగా దూరిపోతుంది, వేగంగా వెంటాడే కుక్క వాటికి గుచ్చుకుంటుంది. పొరుగు నేలలో మొదలైన వేటలో కుందేలును తరుముతూ వచ్చి అలా చచ్చిన కుక్క కేసు 1817లో తీర్పుకు వచ్చింది. న్యాయమూర్తులు చెరిసగంగా చీలిపోయారు. పరాయి నేలలోకి వచ్చిన కుక్కది తప్పా, కంటికి కనపడని శూలం పెట్టినవాడిది తప్పా అన్నది తేలనే లేదు. పదేళ్ల తరువాత, 1827లో, మనుషులకు పెట్టే బోనులను, తీగ తగిలితే పేలే తుపాకులను పార్లమెంటు నిషేధించింది. వేటకు ఆస్తి అర్హత 1831లో పోయింది.

ఇంతవరకు చెప్పినదంతా చదివి వేటగాడి వైపు న్యాయమే లేదనుకుంటే అది పొరపాటు. కట్టులేని కుక్క అడవికి చేసే హాని నిజమైనది. శీతల దేశాల్లో మంచు మీద పెచ్చు కట్టినప్పుడు లేడి గిట్టలు అందులో దిగబడిపోతాయి, కుక్క పాదం పైపైనే పరుగెత్తుతుంది. చూలుతో ఉన్న లేడి అలా తరమబడితే పట్టుబడకపోయినా అలసటతోనే చనిపోవచ్చు. నేల మీద గూడు పెట్టే పక్షి ఒకసారి బెదిరి లేచిందంటే గుడ్లు చల్లబడతాయి. ఆకలి తీరాక వేట ఆపేసే తోడేలులా కుక్క ఆగదు, ఇంటి తిండి తిన్న కుక్కకు తరమడమే ఆట.

న్యూజిలాండ్‌లోని వైతాంగీ అడవిలో 1987లో జరిగింది చదివినప్పుడు నాకు కొంతసేపు నోట మాట రాలేదు. అక్కడ సుమారు 900 కివీ పక్షులు ఉండేవని అంచనా. పరిశోధకులు 23 పక్షులకు రేడియో పరికరాలు కట్టి గమనిస్తున్నారు. కొన్ని వారాల్లోనే అందులో 13 చచ్చి కనిపించాయి. చంపినది ఒకే ఒక్క జర్మన్ షెపర్డ్ కుక్క. ఆ లెక్కన అడవి మొత్తం మీద 500 కివీల దాకా దాని నోట పడి ఉంటాయని లెక్కగట్టారు. ఎగరలేని కివీకి రొమ్ము ఎముక బలంగా ఉండదు, కుక్క మెల్లగా నోట కరుచుకున్నా పక్కటెముకలు నలిగిపోతాయి. చివరికి ఆ కుక్కను కాల్చేశారు. దాని మెడలో పట్టె ఉంది, అంటే ఎవరో పెంచి వదిలేసిందే. పట్టె కట్టిన చేయి ఎవరిదన్న ప్రశ్నే నన్ను వెంటాడుతుంది. కివీలు ఉండే ప్రభుత్వ అడవుల్లోకి వేటకుక్కలను తీసుకువెళ్లాలంటే కివీ వాసనకు దూరం జరిగేలా వాటికి శిక్షణ ఇప్పించాలన్న నియమం అక్కడ ఉంది.

హాని నిజమే, మరి దాన్ని ఆపే మార్గం ఏది? ఇక్కడ యూరప్ దేశాలు తలో దారి పట్టాయి. జర్మనీలో 1952లో చేసిన సమాఖ్య వేట చట్టం వన్యప్రాణులను దేని నుంచి కాపాడాలో వరుసగా చెబుతుంది: దొంగ వేటగాళ్లు, మేత కొరత, తెగుళ్లు, ఆపైన వేటాడుతూ తిరిగే కుక్కలు, పిల్లులు. ఎలా కాపాడాలన్నది రాష్ట్రాల చట్టాలకు వదిలింది. చాలా రాష్ట్రాలు కాల్చే హక్కును వేటగాడికి ఇచ్చాయి. గుర్తుపట్టగలిగిన వేటకుక్కలను, మందకాపు కుక్కలను, అంధులకు దారి చూపే కుక్కలను మినహాయించాయి. ఈ మధ్య ఆ హక్కు చుట్టూ షరతులు బిగుస్తున్నాయి. పోలండ్‌లో 1997 నాటి జంతు రక్షణ చట్టం ప్రకారం నివాసాలకు 200 మీటర్ల అవతల ఒంటరిగా తిరిగే, అడవిబారిన కుక్కలను వేటగాళ్లు కాల్చవచ్చని ఉండేది. ఊరి చివరి పొలం దాటి వాసన పట్టుకుంటూ వెళ్లిన పెంపుడు కుక్కకు ఆ 200 మీటర్లు ఎంతసేపు? 2011లో చట్టాన్ని సవరించి ఆ హక్కు తీసేశారు. ఇటలీ 1991లోనే వీధికుక్కల సామూహిక వధకు స్వస్తి చెప్పి, వాటి బాధ్యతను స్థానిక పాలనకు అప్పగించింది.

నాకు సబబుగా తోచేది ఉత్తర దేశాల పద్ధతి. స్వీడన్‌లో మార్చి 1 నుంచి ఆగస్టు 20 వరకు, నార్వేలో ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 20 వరకు, ఫిన్లాండ్‌లో మార్చి 1 నుంచి ఆగస్టు 19 వరకు కుక్కను స్వేచ్ఛగా వదలకూడదు. జంతువులు ఈనే కాలం, పక్షులు పొదిగే కాలం అది. ఫ్రాన్స్‌లో కూడా ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 వరకు అడవి బాటలు దాటి కుక్కను కట్టు లేకుండా తిప్పరాదు. కుక్క కాలు కోయడం దగ్గర మొదలైన ప్రయాణం యజమాని చేతికి తాడు ఇచ్చే దాకా వచ్చింది.

అయితే ఈ కథలో వేటగాడు ఎప్పుడూ ఫిర్యాదుదారుగానే ఉండడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జాగిలాలను వదిలి లేళ్లను తరిమించే వేట పాతది. పెద్ద పెద్ద అడవులు ముక్కలై ఇళ్ల స్థలాలుగా మారాక ఆ కుక్కలు గీసిన సరిహద్దులు చూసుకుని ఆగవు కదా! టెక్సస్ 1990లో ఈ పద్ధతిని నిషేధించింది. వర్జీనియాలో మాత్రం కుక్కలు పరాయి నేలలోకి వెళ్లిపోతే వేటగాడు ఆయుధం లేకుండా వెళ్లి తెచ్చుకోవచ్చునని చట్టమే చెబుతుంది. అక్కడ భూయజమానులకు కట్టులేని కుక్క అంటే వేటగాడి కుక్కే. పందొమ్మిదో శతాబ్దపు శూలం కేసులో తేలని ప్రశ్న సముద్రం దాటి అలాగే నిలిచి ఉంది.

అంతకన్నా బాధ కలిగించేది వేట కాలం ముగిశాక జరిగేది. స్పెయిన్‌లో కుందేళ్ల వేటకు పెంచే గాల్గో కుక్కలను, పరుగు తగ్గినవాటిని, కాలం చివర వదిలేయడం జంతు సంరక్షకులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్న విషయం. అలా వదిలిన కుక్క బతకడానికి చేసేది తనకు నేర్పిన పనే: కుందేలును తరమడం. నిన్నటి వేటకుక్క నేడు వేటగాళ్లు పళ్లు నూరే దిమ్మరి కుక్క అవుతుంది. 2023లో స్పెయిన్ తెచ్చిన జంతు సంక్షేమ చట్టం వేటకుక్కలను తన పరిధి నుంచి మినహాయించింది. ఏ కుక్కలకు ఆ రక్షణ అత్యవసరమో వాటినే పక్కన పెట్టిన ఈ మినహాయింపు తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఫ్రాన్స్ గ్రామీణ చట్టంలోని ఒక నిబంధన ఈ చిక్కుముడిని కొంత విప్పింది. యజమాని పిలుపు అందనంత దూరం పోయినా, వంద మీటర్లు దాటినా ఆ కుక్కను దిమ్మరిగా లెక్కిస్తారు. వేటలో ఉన్న కుక్కకు, మందను కాసే కుక్కకు ఈ కొలత వర్తించదు. పాత దొరల జాగిలాలకు దక్కిన మినహాయింపు ఇప్పటికీ పోలేదనిపిస్తుంది. కానీ వాక్యం అక్కడితో ఆగలేదు. తప్పిపోయిన వేటకుక్కకు ఆ మినహాయింపు దక్కాలంటే, దాన్ని వెతికి వెనక్కి తెచ్చుకోవడానికి, వేట ముగిసిన తరువాత కూడా, యజమాని చేయవలసిందంతా చేశాడని రుజువు కావాలి.