నౌకలో అలారం మోగితే: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

నా పని ఏమిటో తెలిసినవాళ్లు కడపలో ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకే ప్రశ్న: "నౌకలో అందరికీ సరిపడా పడవలు ఉంటాయా?" మాది సముద్రం లేని జిల్లా. అయినా చెన్నై నుంచో విశాఖ నుంచో క్రూయిజ్ ఎక్కేవాళ్లు ఇప్పుడు ప్రొద్దుటూరులోనూ ఉన్నారు, ఆదోనిలోనూ ఉన్నారు. సింగపూర్ ప్యాకేజీలో భాగంగా రెండు రాత్రులు నౌకలో గడిపి వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఈత రాదు, చుట్టూ ఒడ్డు కనిపించదు, లోపల వేలమంది జనం. కానీ అసలు భయపడాల్సింది పడవల గురించి కాదు. ప్రయాణికుల నౌకను ఎంతసేపట్లో ఖాళీ చేయించవచ్చో లెక్కగట్టడమే నా ఉద్యోగం కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

పడవల సంగతి ముందుగా తేల్చేద్దాం. 1912లో టైటానిక్‌లో దాదాపు 2,200 మంది ఉంటే, దాని 20 పడవల్లో ఉన్న చోటు 1,178 మందికే. ఆ ఘోరం తర్వాతే 1914లో సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ పుట్టింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1974 నాటిది, దానికి సవరణలు జరుగుతూనే ఉన్నాయి. సుదీర్ఘ అంతర్జాతీయ ప్రయాణాలు చేసే నౌకలో మొత్తం మందిలో సగానికి ఒక పక్క, సగానికి మరో పక్క లైఫ్‌బోట్లు ఉండాలి. వాటిలో కొంత భాగానికి బదులు లైఫ్‌రాఫ్టులు, అంటే ప్రాణరక్షణ తెప్పలు, పెట్టుకోవచ్చు. ఇవి కాక మరో నాలుగో వంతు మందికి సరిపడా లైఫ్‌రాఫ్టులు అదనంగా ఉండాలి. లైఫ్‌జాకెట్లూ అంతే, ఉన్న మంది కంటే ఎక్కువే ఉంటాయి. పిల్లలవి వేరు. ఈ భయాన్ని ఇక వదిలేయండి.

ఇప్పుడు ప్రాణాల మీదికి తెచ్చే అపోహ.

అపోహ: "అలారం మోగినా టైముంటుంది. ముందు ఏమైందో కనుక్కుందాం, పాస్‌పోర్టులు, నగలు తీసుకుందాం, మనవాళ్లందరూ ఒకచోట చేరాక వెళ్దాం."

వాస్తవం: నౌక రూపకల్పనలో మీకు ఇచ్చిన సమయమే తక్కువ. అందులో మొదట కరిగిపోయేది ఈ "ముందు కనుక్కుందాం" దగ్గరే.

లెక్క ఎలా ఉంటుందో చెబుతాను. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఐఎంఓ మార్గదర్శకాల ప్రకారం ఇందులో నాలుగు ముక్కలు. అలారం విని మనిషి కదలడానికి పట్టే సమయం ఒకటి. మస్టర్ స్టేషన్‌కు, అంటే అలారం మోగితే ప్రయాణికులు చేరాల్సిన చోటుకు, నడిచే సమయం రెండోది. పడవ ఎక్కడం, పడవను నీటిలోకి దించడం మిగతా రెండు. ఈ చివరి రెండూ కలిపి 30 నిమిషాలు దాటకూడదు. మొత్తం లెక్క మూడు లేదా అంతకంటే తక్కువ ప్రధాన నిలువు మండలాలున్న (మంటలు పాకకుండా గోడలతో వేరుచేసిన భాగాలివి) నౌకల్లో 60 నిమిషాలు, అంతకంటే పెద్ద నౌకల్లో 80 నిమిషాలు దాటకూడదు. వాహనాలు కూడా ఎక్కించుకునే రోరో నౌకలకు ఎప్పుడైనా 60 నిమిషాలే. 1999 జులై 1 నుంచి కట్టిన రోరో నౌకలకు ఈ విశ్లేషణ తప్పనిసరి. 2020 జనవరి 1 నుంచి 36 మందికి మించి ప్రయాణికులను తీసుకెళ్లే కొత్త నౌకలన్నిటికీ తప్పనిసరే.

అలారం విని కదలడానికి లెక్కలో ఇచ్చేది రాత్రయితే 10 నిమిషాలు, పగలయితే 5 నిమిషాలు. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. పెద్ద నౌక, రాత్రి వేళ. కదలడానికి 10, నడవడానికి 28, కలిపి 38 నిమిషాలు. దీన్ని 1.25తో గుణించాలి, అది భద్రత కోసం కలిపే భాగం. 47.5 వస్తుంది. జనం ఇంకా వస్తుండగానే పడవలు ఎక్కించడం మొదలవుతుంది కాబట్టి ఆ 30 నిమిషాల్లో మూడింట రెండు వంతులు, అంటే 20, కలుపుతాం. మొత్తం 67.5. నౌక పాసయింది. ఇప్పుడు ప్రయాణికులు బట్టలు సర్దుకుంటూ, ఫోన్లు చేసుకుంటూ మరో 10 నిమిషాలు ఆలస్యం చేశారనుకోండి. మొత్తం సరిగ్గా 80కి చేరుతుంది. అదే ఓడ, అవే మెట్లు, అవే పడవలు. మిగులుగా ఉన్న సమయమంతా గదుల్లోనే ఖర్చయిపోయింది.

ఇంకో సంగతి. ఆలస్యంగా బయలుదేరినవాళ్లందరూ ఒకేసారి బయలుదేరుతారు. ఖాళీ నడవాలో మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని మా లెక్క. చదరపు మీటరుకు మూడున్నర మంది చేరితే ఆ వేగం సెకనుకు 10 సెంటీమీటర్లకు పడిపోతుంది. 40 మీటర్ల నడవా దాటడానికి మొదట అర నిమిషం చాలు, ఇప్పుడు ఆరున్నర నిమిషాలకు పైనే కావాలి. ప్రొద్దుటూరు దసరా ఊరేగింపులో చిక్కుకున్నవాళ్లకు ఈ 10 సెంటీమీటర్లంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అక్కడ కనీసం పక్క సందులోకి తప్పుకోవచ్చు. నౌక నడవాలో రెండు పక్కలా గోడలే.

పైగా ఈ లెక్క నౌక నిటారుగా ఉందని, పొగ లేదని, ఎవరూ కుటుంబం కోసం వెనక్కి తిరగరని అనుకుని చేసేది. మార్గదర్శకాల్లోనే ఆ మాట ఉంది. అందుకే ఆ 1.25. కాబట్టి "80 నిమిషాలు ఉంటాయట కదా" అని నిమ్మళంగా కూర్చునేవాళ్లకు నా మనవి: అది నౌకను కట్టేవాడికి పెట్టిన హద్దు. మునిగే నౌక మీకిచ్చే గడువు కాదు.

2012 జనవరి 13 రాత్రి కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ నౌక ఇటలీలోని జీలియో దీవి దగ్గర రాయిని ఢీకొన్నది 9.45కు. లోపల 4,229 మంది. కరెంటు సమస్య అని ప్రయాణికులకు ప్రకటించారు. అత్యవసర అలారం మోగింది 10.33కు. 48 నిమిషాలు గాలికి పోయాయి. ఆలోపు నౌక ఒరుగుతూ పోయింది. ఒరిగిన నౌకలో ఎత్తుకు లేచిన పక్కనున్న పడవలను సరిగా దించడం కుదరదు. చనిపోయినవారు 32 మంది. పడవలు చాలక కాదు. రెండేళ్ల తర్వాత, 2014 ఏప్రిల్ 16న, దక్షిణ కొరియాలో సెవోల్ అనే నౌక ఒరిగిపోతుంటే ఉన్నచోటే ఉండండని ప్రకటనలు ఇచ్చారు. 304 మంది పోయారు. అందులో ఎక్కువమంది బడిపిల్లలు. ఈ రెండు చోట్లా తప్పు ప్రయాణికులది కాదు, సమయానికి మాట చెప్పాల్సినవాళ్లది. నేను మాత్రం అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతాను: కాళ్ల కింద నేల వాలుతోందని తెలిస్తే, ప్రకటన రాలేదని గదిలో కూర్చోవద్దు. పిల్లల చేయి పట్టుకుని మస్టర్ స్టేషన్ వైపు నడవండి.

కోస్టా కాంకార్డియాలో ఆ రోజే ఎక్కిన వందలమందికి మస్టర్ డ్రిల్, అంటే అలారం మోగితే ఏం చేయాలో చూపించే కసరత్తు, ఇంకా జరగనే లేదు. అప్పటి నిబంధన 24 గంటల్లోపు చేస్తే చాలంది. 2015 జనవరి 1 నుంచి నౌక బయలుదేరకముందో, బయలుదేరిన వెంటనేనో చేసి తీరాలి. అంతమంది ప్రాణాలు పోయాక మారిన నియమం అది. దాన్ని మనవాళ్లు ఎలా చూస్తారో చెప్పనా? ప్రొద్దుటూరులో మా మేనమామ కుటుంబం, పిన్నమ్మల కుటుంబాలు కలిసి చెన్నై నుంచి బయలుదేరారు. ఎక్కిన సాయంత్రం మామ ఫోను చేశాడు. "పాపా, వీళ్లు ఎక్కడికో వచ్చి నిలబడమంటున్నారు. పోకపోతే ఏమవుతుంది? ఇక్కడ టిఫిన్లు పెడుతున్నారు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "మామా, ప్లేటు కింద పెట్టి ముందు పోండి, మిగతాది తర్వాత మాట్లాడదాం" అన్నాను. ఆ రాత్రి మళ్లీ ఫోను చేసి అందరితో ఒక మాట ఒప్పించాను: అలారం మోగితే ఎవరూ ఎవరినీ వెతకకూడదు, అందరూ కలుసుకునే చోటు మస్టర్ స్టేషనే. పిన్నమ్మ ఊరుకోలేదు. "మనవడు ఆటల గదిలో ఉంటే వదిలేసి ఎట్లా పోతాను?" అని ఏడ్చినంత పని చేసింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. చాలా నౌకల్లో పిల్లల చేతికి మస్టర్ స్టేషన్ నంబరున్న పట్టీ కడతారు, సిబ్బందే అక్కడికి తీసుకొస్తారు. మీ నౌకలో ఏర్పాటు ఏమిటో ఎక్కగానే అడగండి. సమాధానం విన్నాక ఆ మాట మీద నిలబడండి. జనానికి ఎదురు నడిచే ఒక్క అమ్మమ్మ వల్ల ఆ మెట్లమీద అందరూ ఆగిపోతారు.

లైఫ్‌జాకెట్ గదిలో ఉండిపోయిందని కూడా వెనక్కి పోవద్దు. గదులు దూరంగా ఉంటే మస్టర్ స్టేషన్లలోనో, జనం ఉండే హాళ్లలోనో, దారిలోనో అదనపు జాకెట్లు ఉంచాలని నియమం. అలారం అంటే ఏడు లేదా అంతకంటే ఎక్కువ చిన్న కూతలు, ఆపై ఒక పొడుగు కూత. గది తలుపు వెనక ఒక నక్షా ఉంటుంది. దాన్ని చూసి, ఎక్కిన రోజే ఆ దారిన ఒకసారి నడవండి. గోడకు అరచెయ్యి ఆనించి మెట్ల దాకా ఎన్ని తలుపులు తగిలాయో లెక్కపెట్టండి. నేల నుంచి 30 సెంటీమీటర్ల లోపు మెరిసే పట్టీ కనిపిస్తుంది. పొగ పైకి చేరుతుంది కాబట్టి దాన్ని అంత కింద పెట్టారు. వంగి నడవాల్సి వస్తే మీకు కనిపించేది అదొక్కటే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"కింది డెక్కులవాళ్లను తాళం వేసి వదిలేస్తారు." వాట్సాప్‌లో తిరిగే ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. గది తలుపు లోపలి నుంచి తీయడానికి తాళంచెవి అవసరం ఉండకూడదు. బయటపడే దిశలో వెళ్తుంటే దారిలోని ఏ తలుపుకూ తాళంచెవి అవసరం ఉండకూడదు. ఇవి సోలాస్ నియమాలు.

"మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నౌక ఎక్కకూడదు." ఎక్కవచ్చు. మా లెక్కలో ప్రయాణికుల్లో 40 శాతం మందిని యాభై దాటి, నడక ఇబ్బందిగా ఉన్నవాళ్లుగానే తీసుకుంటాం. అయితే లిఫ్టు లెక్కలోకి రాదు, అలారం మోగాక దాన్ని వాడకూడదు. సాయం కావాలని ముందే చెబితే ఆ వివరం రాసుకుని, నౌక బయలుదేరేలోపు కెప్టెన్‌కు అందజేయాలి. ఇందులో నామోషీ పడాల్సింది ఏమీ లేదు. టికెట్టు కొనేటప్పుడే చెప్పండి.

"గండికోట, శ్రీశైలం బోట్లకూ ఇవే నియమాలు." కావు. సోలాస్ అంతర్జాతీయ సముద్ర ప్రయాణాలకు. మన నదులకు, జలాశయాలకు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ఉంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగింది ఎవరూ మరచిపోలేదు. చిన్న బోటు తిరగబడితే మస్టర్ స్టేషన్ అన్న మాటే ఉండదు. లైఫ్‌జాకెట్ ఎక్కేటప్పుడే వేసుకోండి, దిగేదాకా ఉక్కపోసినా విప్పకండి.

"నేను వంటవాడిగా పోతున్నాను, భద్రత నావికుల పని." కర్నూలు, అనంతపురం నుంచి క్రూయిజ్ ఉద్యోగాలకు వెళ్తున్న కుర్రాళ్లకు ఏజెంట్లు ఈ మాటే నూరిపోస్తున్నారు. నౌకలో ప్రతి ఉద్యోగికీ మస్టర్ జాబితాలో ఒక పని రాసి ఉంటుంది. అర్ధరాత్రి పొగలో తలుపులు తట్టి మనుషులను లేపేది, మెట్ల దగ్గర నిలబడి దారి చూపేది చాలాసార్లు హోటల్ విభాగం వాళ్లే. అందుకే ఎస్‌టీసీడబ్ల్యూ (నౌకా సిబ్బంది శిక్షణపై అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం ప్రాథమిక భద్రతా శిక్షణ, దానిపైన జనసమూహ నిర్వహణ శిక్షణ. ఆ సర్టిఫికెట్లు శిక్షణ లేకుండానే ఇప్పిస్తామని చెప్పే ఏజెంటు మీ ప్రాణంతోనే కాదు, ఆ నౌకలోని వేలమంది ప్రాణాలతో ఆడుకుంటున్నాడు. డబ్బు కట్టకముందే ఆ కోర్సు చెప్పే సంస్థకు కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్ ఆమోదం ఉందో లేదో ఆ శాఖ వెబ్‌సైటులో చూసుకోండి.