మోంటెపుల్చానో: ఊరి పేరూ, సీసా పేరూ

ఇటలీలోని టస్కనీ ప్రాంతానికి తెలుగువాళ్ళ బృందాలను తీసుకెళ్ళడం నా పని. అక్కడ కొండ మీదున్న ఊరు మోంటెపుల్చానో. ఆ పేరు అనగానే ఎదురయ్యే అపోహల్లో కొన్ని ఇవి.

అపోహ: మోంటెపుల్చానో అని రాసి ఉంటే ఈ ఊరి వైనే.

వాస్తవం: నాతో వచ్చి వెళ్ళిన ఒకాయన సూపర్‌మార్కెట్‌లో సీసా కొని ఫొటో పంపారు, "మీ కొండ వైన్ ఇక్కడా దొరికిందండీ!" అని. ఫొటో పెద్దది చేసి చూస్తే, ఆ పేరు పక్కనే "దబ్రూజ్జో", అంటే అబ్రూజ్జోది, అని ఉంది. అబ్రూజ్జో ఏడ్రియాటిక్ సముద్రం వైపున్న వేరే ప్రాంతం. అక్కడ మోంటెపుల్చానో అంటే ద్రాక్ష రకం, టస్కనీలో ఊరు. ఈ ఊరి వైన్ పేరు వీనో నోబిలే. అందులో కనీసం 70 శాతం సాంజొవేజే ద్రాక్ష ఉండాలి, కనీసం రెండేళ్ళు మాగాలి. అబ్రూజ్జో వైన్ తీసిపారేసేదేం కాదు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టాలైపోరు, అంతే.

అపోహ: రైలు దిగి నడిచిపోవచ్చు.

వాస్తవం: ఆ పేరుతో స్టేషన్ ఉంది, కానీ కింద లోయలో, ఊరికి దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో. దగ్గర్లోని కియూజీ స్టేషన్‌లో దిగి బస్సెక్కండి. కారైతే కోటగోడ బయటే ఆపండి. లోపలికి పోనిస్తే కెమెరా నంబరు ప్లేటు పట్టేస్తుంది, జరిమానా మీరు ఇంటికెళ్ళాక వస్తుంది.

అపోహ: తాగనివాళ్ళకు అక్కడేముంది?

వాస్తవం: ఈ మాట వింటే నాకు కాస్త ఒళ్ళు మండుతుంది. ఊరి కింద పాత నేలమాళిగలున్నాయి, మనిషికన్నా ఎత్తు ఓక్ పీపాలతో. మా బృందంలో ఒక పెద్దావిడ చుక్క ముట్టలేదు. దిగగానే గోడ మీద చెయ్యి ఆనించి, "ఆవకాయ జాడీల గదిలా ఎంత చల్లగా ఉందో!" అన్నారు. తర్వాత మోకాళ్ళు పట్టుకుంటూనే కొండ పైనున్న పెద్ద కూడలి పియాజ్జా గ్రాందే దాకా ఎక్కారు. ఆగస్టు చివరి ఆదివారం ఇదే ఎత్తుకు 80 కిలోల పీపాలను పరుగున దొర్లించుకుపోతారు, పేటకు ఇద్దరు చొప్పున, ఎనిమిది పేటలవాళ్ళు. పైన చర్చి ముఖభాగం ఇప్పటికీ అసంపూర్తిగా, బోసి ఇటుకలతో ఉంటుంది. గోడల బయట 1518లో మొదలుపెట్టిన సాన్ బియాజో గుడి మాత్రం వదలకండి.

అపోహ: వెజ్ వాళ్ళు చీజ్ తిని గడిపేయొచ్చు.

వాస్తవం: అక్కడ దొరికే పెకొరీనో గొర్రెపాల చీజ్. పాలు తోడుకోవడానికి సాధారణంగా పశువు కడుపులోంచి తీసిన రెనెట్ వాడతారు. పట్టింపు ఉంటే పీచి అనే లావాటి పాస్తా చెప్పండి, టమాటా, పెద్ద వెల్లుల్లి సాసుతో. పిండిలో గుడ్డు కలిపారేమో మాత్రం ముందే అడగండి.