ఫ్రీజర్ తలుపుకు ఇవతల

ఆదివారం వండి ఫ్రీజర్‌లో పెట్టిన పప్పును గురువారం పిల్లలకు పెడతామంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. వాళ్ల అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఉక్కపోతతో ఉడికిపోయే ఈ సముద్రపు ఊళ్లో పొద్దున వండిన పప్పు రాత్రికి బుడగలు కట్టడం వాళ్లు కళ్లారా చూశారు. అది ఎందుకు పాడైందో తెలుసుకుంటే, అదే పప్పును నెల తర్వాత కూడా నిశ్చింతగా తినే దారి దొరుకుతుంది.

విశాఖపట్నంలో ఇప్పుడు ఆ దారి చాలా ఇళ్లకు అవసరం. భర్త ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు చేస్తాడు, భార్య మధురవాడ వైపు ఆఫీసుకు వెళ్తుంది, పెద్దవాడు ఒకటో తరగతి, రెండో బిడ్డ ఇంకా ఒళ్లో ఉంటుంది. పురిటికి సాయం వచ్చిన అమ్మ కొన్ని నెలలకు విజయనగరమో శ్రీకాకుళమో తిరిగి వెళ్లక తప్పదు. అలాంటి ఇంట్లో సెలవు రోజున ఆలుమగలిద్దరూ కలిసి వండి దాచుకోవడాన్ని బద్ధకం అనడం అన్యాయం. పసిబిడ్డ తల్లికి కాస్త నిద్ర మిగిల్చే పని అది. అందుకు గొప్ప వంట నైపుణ్యం అక్కర్లేదు. కాస్త భౌతికశాస్త్రం, కాస్త సూక్ష్మజీవశాస్త్రం తెలిస్తే చాలు.

ముందుగా ఒక అపోహ వదిలించుకోవాలి. ఫ్రీజర్ సూక్ష్మజీవులన్నిటినీ చంపదు. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర అవి పెరగలేవు, అంతే. బతకడానికి వాటికి కావలసిన నీరు మంచుగా బిగుసుకుపోతుంది, వాటిలో జరిగే రసాయన చర్యలు దాదాపు ఆగిపోతాయి. మంచు కరిగి కాస్త వెచ్చబడగానే మిగిలినవి మళ్లీ పని మొదలుపెడతాయి. అంటే పదార్థం ఏ స్థితిలో లోపలికి వెళ్లిందో ఇంచుమించు ఆ స్థితిలోనే బయటికి వస్తుంది. లోపల రెండు వారాలు ఉందా, ఆరు వారాలు ఉందా అన్నది రుచికి సంబంధించిన విషయమే గానీ ఆరోగ్యానికి పెద్ద సమస్య కాదు. స్టవ్ మీద నుంచి దింపాక ఫ్రీజర్‌లోకి చేరేలోపు గడిచిన కాలం, బయటికి తీశాక పళ్లెంలోకి వచ్చేలోపు గడిచిన కాలం, ఈ రెండే అసలు లెక్క.

మొదటిది విశాఖలో మరీ ముఖ్యం. సూక్ష్మజీవులు చురుగ్గా పెరిగేది సుమారు 5 నుంచి 60 డిగ్రీల మధ్య. వండిన పదార్థం ఆ మధ్యలో రెండు గంటలకు మించి ఉండకూడదనీ, చుట్టూ ఉన్న వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే గడువనీ అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మే నెలలో మన వంటిల్లు ఎంత వేడిగా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. 'పూర్తిగా చల్లారాకే లోపల పెట్టాలి' అని మనం పాటించే నియమం ఇక్కడే బెడిసికొడుతుంది. గది వేడే 33 డిగ్రీలు ఉంటే కూర అంతకన్నా చల్లారడం కల్ల. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆవిరై చల్లబడటం కూడా మందగిస్తుంది. పెద్ద గిన్నెలో మూత పెట్టి ఉంచిన సాంబారు మధ్యభాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది.

అన్నం విషయంలో ఈ ఆలస్యం ప్రమాదకరం. బియ్యంలో తరచూ ఉండే బాసిల్లస్ సిరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా మారగానే అవి మొలకెత్తి పెరుగుతాయి. వాటిలో కొన్ని రకాలు వాంతులు కలిగించే విషాన్ని విడుదల చేస్తాయి. ఒకసారి ఏర్పడిన ఆ విషం మళ్లీ మరిగించినా పోదు. మాంసం గ్రేవీల్లో క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే మరో బాక్టీరియా ఇదే విధంగా నెమ్మదిగా చల్లారే వంటకాల కోసం కాచుకుని ఉంటుంది.

మందు సులువే. దింపిన వెంటనే పెద్ద గిన్నెలోది వెడల్పాటి స్టీలు పళ్లాల్లోకి పల్చగా పంచాలి. గ్రేవీ అయితే గిన్నెను చల్లటి నీళ్ల బేసిన్‌లో పెట్టి, నీళ్లలో నాలుగు మంచు ముక్కలు వేసి, గరిటెతో కలుపుతూ ఉండాలి. పావుగంట, ఇరవై నిమిషాల్లో చేతికి వేడి తగలనంతగా చల్లబడుతుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా లోపల పెట్టేయాలి.

ఇక గడ్డకట్టే తీరు. ఒక గ్రాము నీటి వేడిని ఒక డిగ్రీ తగ్గించాలంటే ఒక కేలరీ వేడిని బయటికి లాగాలి. సున్నా డిగ్రీల దగ్గరున్న అదే గ్రాము నీరు సున్నా డిగ్రీల మంచుగా మారాలంటే మాత్రం ఏకంగా 80 కేలరీలు లాగాలి. సాంబారులో అధిక భాగం నీరే. 30 డిగ్రీల దగ్గర లోపల పెట్టిన డబ్బా సున్నాకు దిగడానికి పట్టే శ్రమ కన్నా, సున్నా దగ్గర ఆగి మంచుగా మారడానికి రెండున్నర రెట్లకు పైగా శ్రమ పడుతుందన్నమాట. ఎక్కువ మంచు ఏర్పడేది సుమారు మైనస్ 1 నుంచి మైనస్ 5 డిగ్రీల మధ్య. ఆ మెట్టును పదార్థం ఎంత త్వరగా దాటితే అంత మంచిది. త్వరగా దాటితే ఎన్నో చిన్న మంచు పలుకులు ఏర్పడతాయి. నెమ్మదిగా దాటితే కొన్నే ఏర్పడి, చుట్టూ ఉన్న నీటినంతా లాక్కుని పెద్దవవుతాయి. కూరగాయల్లో కణాల గోడలను, మాంసంలో కణాల పొరలను చీల్చేవి ఆ పెద్ద పలుకులే. మంచుగా మారినప్పుడు నీటి పరిమాణం తొమ్మిది శాతం దాకా పెరగడం దీనికి తోడవుతుంది. కరిగాక చేప ముక్క కింద చేరే నీరు, వంకాయ ముక్క పీచుపీచుగా వేలాడటం ఆ చీలికల ఫలితమే.

ఈ సంగతిని వ్యాపారంగా మలిచినవాడు అమెరికన్ క్లారెన్స్ బర్డ్స్‌ఐ. 1912 నుంచి కొన్నేళ్లు కెనడా ఈశాన్య తీరాన లాబ్రడార్‌లో ఉన్నాడు. అక్కడి ఇన్యూట్ ప్రజలు మంచు కింద పట్టిన చేపలు గాలి తగలగానే గడ్డకట్టడం, నెలల తర్వాత వండినా తాజా రుచి పోకపోవడం గమనించాడు. తర్వాత భార్యనూ పసిబిడ్డనూ కూడా ఆ మంచు దేశానికి తీసుకువెళ్లాడు. పసివాడున్న ఇంట్లో తాజా తిండి కోసం పడే తపన ఆయనకూ తెలుసన్నమాట. తిరిగి వచ్చాక ఆహారాన్ని పల్చటి పొట్లాలుగా కట్టి, అతిచల్లని లోహపు పలకల మధ్య నొక్కి గడ్డకట్టించే యంత్రం తయారుచేశాడు. 1930 మార్చి 6న మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో ఆ పొట్లాలు అమ్మకానికి వచ్చాయి. విశాఖ రేవు నుంచి విదేశాలకు వెళ్లే రొయ్యలను శుద్ధి చేసే ప్లాంట్లలో ఈనాటికీ వాడే ప్లేట్ ఫ్రీజర్లు ఆ సూత్రం మీదే నడుస్తాయి. అక్కడి చలి మైనస్ 40 డిగ్రీల దాకా ఉంటుంది.

ఇంటి ఫ్రీజర్‌కు అంత శక్తి లేదు. మందం మాత్రం మన చేతిలో ఉంది. పదార్థం మందం రెట్టింపైతే గడ్డకట్టే సమయం రెండింతల కన్నా ఎక్కువ, ఒక్కోసారి నాలుగింతల దాకా పెరుగుతుంది. కాబట్టి పప్పునూ చికెన్ గ్రేవీనీ లోతైన డబ్బాలో నింపకుండా, జిప్ కవరులో పోసి, గాలి పిండేసి, వేలెడు మందాన పరిచి, స్టీలు పళ్లెం మీద పడుకోబెట్టి పెట్టాలి. గట్టిపడ్డాక నిలబెట్టి వరసగా పేర్చుకోవచ్చు. కవరు మీద పేరు, తేదీ రాయడం మరువకూడదు. మంచు పట్టాక గోంగూర గుజ్జుకూ పాలకూర పప్పుకూ తేడా తెలియదు. ఒక్క పూటకు ఎంత కావాలో అంతే ఒక కవరులో ఉండాలి.

ఒంటి తలుపు ఫ్రిజ్‌లలో పైన ఉండే చిన్న గది చాలాసార్లు మైనస్ 18కి చేరదు. ఆ గది మీద ముద్రించే మంచు నక్షత్రాలకు అర్థం ఉంది. ఒకటైతే మైనస్ 6, రెండైతే మైనస్ 12, మూడైతే మైనస్ 18 డిగ్రీలు. కరెంటు పొదుపును తెలిపే నక్షత్రాలు వేరు, ఇవి వేరు. నక్షత్రాలు కనిపించకపోతే ఐస్‌క్రీమ్ పెట్టి చూడండి. మర్నాటికి చెంచా సులువుగా దిగిపోతుంటే ఆ గదిలో నెలల తరబడి నిలవ ఉంచే ఆలోచన మానుకోవడం మంచిది. వారానికి సరిపడా దాచుకుంటే చాలు.

ఏది పెట్టవచ్చు, ఏది పెట్టకూడదు అన్నదానికీ కారణాలున్నాయి. మన తిండిలో అధిక భాగం పిండిపదార్థమే కాబట్టి అక్కడే ఎక్కువసేపు ఆగాలి. ఉడికిన పిండిపదార్థం అణువులు చల్లారాక మళ్లీ దగ్గరికి జరిగి బిగుసుకుంటాయి. అన్నం పలుకులు పలుకులుగా, చపాతీ అట్టలా మారేది అందుకే. ఈ బిగుసుకోవడం అన్నిటికన్నా వేగంగా జరిగేది ఫ్రిజ్ కింది అరలో, 4 డిగ్రీల చుట్టుపక్కల. ఫ్రీజర్‌లో అణువులు కదల్లేవు కాబట్టి అది దాదాపు ఆగిపోతుంది. ఇడ్లీలను ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచితే గట్టిపడతాయి. ఫ్రీజర్‌లో మూడు వారాలు ఉంచి, మంచుతోనే తిన్నగా ఆవిరి మీద పెడితే మెత్తగా వస్తాయి. చపాతీలు, పల్చగా ఆరబెట్టిన అన్నం కూడా అంతే. ముద్దపప్పు, శనగల కూర, రాజ్మా, కైమా, ఉల్లి-టమాటా గ్రేవీ, గోంగూర గుజ్జు, చింతపండు గుజ్జు, అల్లం వెల్లుల్లి ముద్ద, కొబ్బరి కోరు, ఇవన్నీ ఫ్రీజర్‌కు చక్కగా తట్టుకుంటాయి.

బంగాళదుంప మాత్రం తట్టుకోదు. నీరు ఒకపక్క, పిండి ఒకపక్క విడిపోయి స్పంజిలా తయారవుతుంది. కాబట్టి సాంబారులో దుంప ముక్కలు తర్వాత వేసుకోవాలి. పెరుగు విరిగి నీరు తేలుతుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది. కొబ్బరిపాలు పోసిన కూర విడిపోయినట్టు కనిపిస్తుంది, వేడిచేస్తూ బాగా కలిపితే చాలావరకు కుదురుకుంటుంది. బీరకాయ, దోసకాయ, సొరకాయ రైతుబజారు నుంచి తెచ్చినవి తెచ్చినట్టు వండుకోవలసినవే. పచ్చి బఠానీ, బీన్స్ పెట్టాలంటే ముందు మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు వేసి, వెంటనే చల్లటి నీళ్లలోకి మార్చాలి. వాటిలోని ఎంజైములు మైనస్ 18 దగ్గర కూడా నెమ్మదిగా పనిచేస్తూ రంగునూ రుచినీ తినేస్తాయి. మరిగే నీరు వాటి పని పడుతుంది.

చేపల ఊళ్లో చేపల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. అది మొదలయ్యే ముందు ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చి దాచుకునే ఇళ్లు ఎన్నో. కానాగంతలు, కవళ్లు వంటి కొవ్వు చేపలు రెండు మూడు నెలలు మించితే పాడైన నూనె వాసన వేస్తాయి. గడ్డకట్టినా కొవ్వు గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం ఆగదు. చందువ, రొయ్యలు ఇంకొంత కాలం నిలుస్తాయి. ఫ్రీజర్‌లోని పొడిగాలికి మంచు నీరు కాకుండానే ఆవిరైపోతుంది. అలా తడి పోయిన చోట ముక్క తెల్లటి మచ్చలతో ఎండి బెండు అవుతుంది. ఎగుమతి ప్లాంట్లలో దీనికి విరుగుడుగా గడ్డకట్టిన రొయ్యను చల్లటి నీటిలో ముంచి తీస్తారు. దాని చుట్టూ పల్చటి మంచు పొర ఏర్పడి, ఆవిరయ్యేదేదో ఆ పొరే అవుతుంది. ఇంట్లోనూ ఇది చేయవచ్చు. శుభ్రం చేసిన రొయ్యలను పళ్లెంలో విడివిడిగా గట్టిపడనిచ్చి, మంచు నీటిలో ఒక్కసారి ముంచి, మళ్లీ కాసేపు పెట్టి, ఆపైన కవరులో గాలి లేకుండా కట్టాలి.

ఇక బయటికి తీసే ఘట్టం. గడ్డకట్టడం కన్నా కరగడం ఎందుకు ఆలస్యమవుతుందో గమనించారా? మంచు వేడిని నీటి కన్నా సుమారు నాలుగు రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది. గడ్డకట్టేటప్పుడు బయట ఏర్పడిన మంచు లోపలి వేడిని చకచకా బయటికి పంపుతుంది. కరిగేటప్పుడు బయట ఏర్పడేది నీరు. అది వేడిని లోపలికి పోనివ్వక అడ్డుపడుతుంది. వంటింటి గట్టు మీద వదిలేసిన చికెన్ పైభాగం 30 డిగ్రీలకు చేరి సూక్ష్మజీవులకు విందు అవుతుంటే, లోపల ఇంకా రాయిలా ఉంటుంది. అందుకే ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. పల్చటి గ్రేవీ కవరు అయితే పావుగంట చల్లటి నీళ్లలో ఉంచి తిన్నగా బాణలిలోకి వంచేయవచ్చు. మధ్యభాగం కూడా పొగలు కక్కేదాకా, అంటే 75 డిగ్రీలకు తగ్గకుండా కాగాలి. గర్భిణి ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది, కడుపులోని బిడ్డకు చేటు చేస్తుంది, బాగా వేడిచేస్తే చస్తుంది. ఒకసారి వేడిచేసిన దాన్ని మళ్లీ ఫ్రీజర్‌లోకి పంపకండి.

తాలింపు మాత్రం అప్పటికప్పుడు పెట్టుకోవాలని నా గట్టి సలహా. ఇంగువ, కరివేపాకు, వెల్లుల్లి సువాసనలు తేలిగ్గా ఎగిరిపోతాయి, నిలవలో లవంగం, మిరియం ఘాటు మారుతుంది. పప్పును ఉప్పు తక్కువగా, తాలింపు లేకుండా దాచి, తినే పూట నేతిలో ఆవాలు చిటపటలాడించి కలిపితే అది ఆ పూట వండిన పప్పే.

చివరగా కరెంటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో ఎన్నో వీధులు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తెరవకుండా ఉంటే రెండు రోజుల దాకా, సగం నిండినదైతే ఒక రోజు చలి నిలుపుకుంటుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లోని చిన్న గది అంతసేపు ఆగదు. తుపాను హెచ్చరిక రాగానే ఖాళీ చోట్లలో నీళ్ల సీసాలు పెట్టండి, మంచు వ్యాకోచానికి పైన కాస్త ఖాళీ ఉంచి. ఒక గ్లాసు నీటిని ముందే గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల ఉంచండి. కరెంటు వచ్చాక బిళ్ల పైనే ఉంటే లోపలివి గడ్డగానే ఉన్నాయని అర్థం. అడుగుకు దిగి ఉంటే మధ్యలో అన్నీ కరిగి మళ్లీ గడ్డకట్టాయి. అప్పుడు చేపలు, మాంసం, అన్నం, పాల పదార్థాలు పారేయాలి. వాసన చూసి పరవాలేదనుకోవద్దు, అన్నంలో పుట్టే ఆ విషానికి వాసనా లేదు, రుచీ లేదు.