పాలచెట్టు చెప్పేదీ, చెప్పనిదీ

జాంబియా వాయవ్య ప్రాంతంలో నివసించే న్డెంబు ప్రజలు ‘ముడ్యి’ అని పిలిచే చెట్టుకు గాటు పెడితే తెల్లటి పాలు బొట్లుబొట్లుగా ఊరతాయి. యౌవనంలోకి అడుగుపెడుతున్న బాలికను దుప్పటిలో చుట్టి, లేత ముడ్యి మొక్క మొదట్లో పడుకోబెడతారు. రోజంతా ఆమె కదలకూడదు. చుట్టూ స్త్రీలు పాడుతూ నాట్యం చేస్తారు. 1950 దశకం తొలి ఏళ్లలో అక్కడ ఉండి ఈ క్రతువును పరిశీలించిన మానవశాస్త్రవేత్త విక్టర్ టర్నర్, ప్రతీక మనుషుల మధ్య ఏ పని చేస్తుందో దీని ద్వారానే వివరించారు.

ముడ్యి అంటే చనుబాలు అని న్డెంబు స్త్రీలు చెబుతారు. అది తల్లీబిడ్డల బంధం కూడా. వారిలో వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది కనుక ఆ వంశమూ అదే, చివరికి న్డెంబు ఆచారమంతా అదే. ఈ అర్థాలకు ఒక కొసన శరీరం ఎరిగిన పాలు, రెండో కొసన సమాజపు కట్టుబాటు ఉన్నాయని టర్నర్ గుర్తించారు. పాటల మధ్య, ఆటల మధ్య ఆ రెండు కొసలూ కలిసినప్పుడు, పాటించక తప్పని నియమం పాటించాలనిపించే నియమంగా మారుతుందని ఆయన వాదించారు. సైనికుడు జెండా కోసం ప్రాణమిస్తాడని, గుడ్డముక్కకు ఆ శక్తి సమూహం మీది భావోద్వేగం నుంచే వస్తుందని ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్ఖైమ్ 1912లోనే రాశారు; ఆ ఉద్వేగం వస్తువులోకి ఎలా చేరుతుందో టర్నర్ పాలచెట్టు చూపుతుంది.

అయితే ఆయన పరిశీలనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మరొకటి: జనం చెప్పే అర్థంతో ఆయన ఆగిపోలేదు, వారు ఏం చేస్తున్నారో కూడా చూశారు. తల్లీబిడ్డల ఐక్యతకు గుర్తని చెప్పే ఆ చెట్టు దగ్గరే, బాలిక చుట్టూ ఆడే స్త్రీల వలయంలోకి ఆమె కన్నతల్లికి ప్రవేశం లేదు. దీనికి కారణం ఆ సమాజపు నిర్మాణంలోనే ఉంది. వంశం తల్లిదే అయినా, పెళ్లయిన స్త్రీ వెళ్లేది భర్త ఊరికి; అంటే కూతురు తల్లికి దూరం కావలసిందే. తర్వాత తల్లి కర్రపెండలం వండి, పెద్ద గరిటెడు తీసుకువచ్చి, ఎవరు తింటారని అడుగుతుంది. స్త్రీలందరూ ఒక్కసారిగా ఎగబడతారు. సొంత ఊరి స్త్రీ ముందుగా అందుకుంటే శుభం. దూరపు ఊరి స్త్రీకి దక్కితే, తన కూతురు తనకు ఎడంగా బతికి అక్కడే కన్నుమూస్తుందని ఆ తల్లి నమ్ముతుంది.