పక్క సీటులో కుంగుబాటు

మార్చి క్లోజింగ్ రోజుల్లో మా బ్యాంకు శాఖలో ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. ఆ హడావిడిలో నా పక్క సీటు మిత్రుడు ఉదయం పదకొండుకు రాయడం మొదలుపెట్టిన మెయిల్ మధ్యాహ్నం మూడైనా ఆయన కంప్యూటర్ తెర మీదే ఉంది. రెండు వాక్యాలు రాస్తున్నారు, చెరిపేస్తున్నారు, మళ్లీ అవే రాస్తున్నారు. లంచ్ బాక్సు మూత తీయకుండానే సంచిలోకి వెళ్లిపోయింది. వారం రోజులు ఆయన ఫైళ్లు కూడా నేనే చూడాల్సి వచ్చేసరికి నాకు ఆయన మీద చిరాకే కలిగింది. "బాగుండకపోతే సెలవు పెట్టొచ్చు కదండీ" అని అనేశాను కూడా. రెండు నెలలుగా ఆయనకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందని, అది కుంగుబాటు అనే జబ్బు అని నాకు తరువాత తెలిసింది.

నాకు కలిగిన ఆ చిరాకును మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో గమనించింది. 1976లో జేమ్స్ కాయిన్ అనే అమెరికన్ పరిశోధకుడు 45 మంది విద్యార్థినుల చేత, ఒక్కొక్కరి చేత 20 నిమిషాల చొప్పున, ముక్కూమొహం తెలియని మహిళలతో ఫోనులో మాట్లాడించాడు. కుంగుబాటుకు చికిత్స పొందుతున్న మహిళలతో మాట్లాడిన విద్యార్థినులు తామూ దిగులుపడ్డారు, ఆ మహిళలతో మళ్లీ మాట్లాడడానికి అంతగా ఇష్టపడలేదు. దిగులు ఒకరి నుంచి ఒకరికి పాకుతుందన్న మాట తరువాతి పరిశోధనల్లో అంత బలంగా నిలవలేదు గానీ, ఎదుటివారు దూరం జరగడం మాత్రం పదేపదే కనిపించింది.

కారణం ఊహించడం కష్టం కాదు. కుంగిపోయిన మనిషి "నేను సరిగ్గానే చేశానా?" అని అడుగుతాడు, మనం ధైర్యం చెబుతాం, ఆ మాట మనసుకు ఎక్కనివ్వకపోవడమే జబ్బు లక్షణం కాబట్టి మళ్లీ అడుగుతాడు. నాలుగోసారికి మన గొంతులో విసుగు దొర్లుతుంది, తాను పనికిరానివాడినన్న ఆయన నమ్మకానికి ఆ విసుగే సాక్ష్యం అవుతుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నేను ఆ మాట అనకుండా ఉండేవాణ్నని ఇప్పటికీ బాధపడుతుంటాను.

రోజులో చాలాసేపు ఉండే దిగులు, లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, వాటికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం రెండు వారాలు లేదా అంతకు మించి సాగితే వైద్యులు కుంగుబాటును అనుమానిస్తారు. బయటికి బద్ధకంలా కనిపించే నెమ్మది ఈ జబ్బులో భాగమే. చిన్న నిర్ణయం తీసుకోవడం కూడా కొండంత పనవుతుంది. అందుకే "ఏమైనా సాయం కావాలా?" అన్న మర్యాద ప్రశ్న నా మిత్రుడికి మరో నిర్ణయపు బరువే అయింది. దానికి బదులు "ఈ నాలుగింటిలో ఈ ఒక్క ఫైలు ఇవాళ పూర్తి చేద్దాం, మిగతావి రేపు చూద్దాం" అన్నప్పుడు ఆయన చెయ్యి కదిలింది. కొందరికి ఉదయం పూట బరువు ఎక్కువగా ఉండి, పొద్దు గడిచేకొద్దీ కాస్త తేలికపడుతుంది కనుక, కష్టమైన లెక్కలు మధ్యాహ్నానికి మార్చుకున్నాం. పని పంపకం గురించి మేనేజరు గారితో మాట్లాడింది నేనే అయినా, జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది ఆయన ఇష్టానికే వదిలేశాను.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో, కుంగుబాటు ఉన్నవారిలో నూటికి 85 మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఇందులో మన నోటి దురుసుకూ వాటా ఉందని నా అభిప్రాయం. మానసిక ఆసుపత్రులు ఉన్నందుకు హైదరాబాదులో ఎర్రగడ్డ పేరును, విశాఖలో చినవాల్తేరు పేరును టీ తాగేచోట ఎగతాళికి వాడుతుంటే, పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషి తన బాధను ఎవరితో చెప్పుకుంటాడు? డాక్టరు దగ్గరికి వెళ్లినా మందుల గుణం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, నోరు ఎండిపోవడం, వికారం, మగత వంటి ఇబ్బందులు అంతకన్నా ముందే మొదలవుతాయి. ఎక్కువమంది మందు మానేసేది ఆ రోజుల్లోనే కావచ్చు, పక్కన తోడు కావలసిందీ అప్పుడే.

చావు గురించిన ఆలోచనలు ఉన్నాయేమో అడగాలంటే మనకు భయం, లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. న్యూయార్క్ రాష్ట్రంలో రెండు వేలమందికి పైగా హైస్కూలు విద్యార్థులతో చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఆ ప్రశ్న అడిగినంత మాత్రాన విద్యార్థుల్లో అలాంటి ఆలోచనలు పెరగలేదని అందులో తేలింది. "అవును" అన్న జవాబు వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, వెంటనే వైద్య సాయం అందేలా చూడాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416 నంబరులో రాత్రింబవళ్లు, తెలుగులో కూడా మాట్లాడేవారు ఉంటారు.

నేను ఆ ప్రశ్న అడిగింది సాయంత్రం, శాఖ మెట్ల మీద, షట్టరు సగం దించాక. "అంతదాకా పోలేదండీ, నిద్రపడితే చాలు" అన్నారాయన. ఆ రెండో శనివారం సెలవు కదా, డాక్టరు గది బయట బెంచీ మీద ఇద్దరం టోకెన్ పట్టుకుని కూర్చున్నాం.