బరువు కింద చెయ్యి ఎందుకు వణుకుతుంది?

ప్లాంక్‌లో, అంటే మోచేతులూ కాలివేళ్లూ ఆనించి ఒళ్లు నిటారుగా నిలిపి ఉంచే వ్యాయామంలో, ఉన్న మనిషిని పక్కనుంచి గమనించండి. మొదట్లో ఏమీ కనబడదు. కాసేపటికి బొడ్డు చుట్టూ సన్నటి అదురు మొదలవుతుంది. అది తొడల్లోకి పాకుతుంది, భుజాలకు ఎక్కుతుంది, చివరికి చాప మీద ఆనించిన మోచేతులు కూడా నిలవవు. డంబెల్ ఎత్తేవాళ్లకు ఇదే అనుభవం ఆఖరి రెండు మూడు రెప్స్‌లో (ఎత్తి దించే ఒక్కో సారి ఒక రెప్) ఎదురవుతుంది. జిమ్‌లో కొత్తగా చేరినవాళ్లు ఇక్కడే సిగ్గుపడతారు. నరాల బలహీనతేమో అని భయపడి మానేసేవాళ్లూ ఉన్నారు. ఆ భయం అనవసరం. పనిచేస్తున్న కండరం ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. మామూలు పనుల్లో ఆ వణుకు పైకి తేలకుండా శరీరం చూసుకుంటుంది. బరువు మీదపడినప్పుడు మాత్రం దాచలేకపోతుంది.

దీన్ని నమ్మడానికి పరికరాలేమీ అక్కర్లేదు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక బొటనవేళ్లు రెండూ చెవుల్లో మెల్లగా పెట్టుకుని, మోచేతులు పైకెత్తి, పిడికిళ్లు గట్టిగా బిగించండి. లోతుగా గుర్రుమని ఒక చప్పుడు వినిపిస్తుంది. పిడికిలి వదులు చేస్తే తగ్గుతుంది, బిగిస్తే పెరుగుతుంది. అది మీ ముంజేతి కండరాల చప్పుడు. ఇటలీ శాస్త్రవేత్త గ్రిమాల్డి దీన్ని ప్రస్తావించిన పుస్తకం 1665లో, ఆయన పోయాక, అచ్చయింది. తర్వాత 1810లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త విలియం హైడ్ వోలాస్టన్ ఆ అదురు వేగం ఎంతో తేల్చాలనుకున్నాడు. అప్పటికి రికార్డు చేసే యంత్రాలు లేవు. లండన్ రాళ్ల వీధుల్లో గుర్రబ్బండి చక్రాల రొదతో దాన్ని పోల్చి చూసి, సెకనుకు దాదాపు 20, 30 సార్లని లెక్కకట్టాడు. చెవినీ బొటనవేలినీ నమ్ముకుని చేసిన ఆ లెక్క ఇప్పటి కొలతలకు చాలా దగ్గరగా ఉండటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంతకీ ఆ అదురు ఎక్కడిది? కండరాన్ని మనం ఒకే ముద్ద అనుకుంటాం కానీ అది వేల సన్నటి పోగుల కట్ట. వెన్నుపాములోని ఒక్కో నాడీకణం కొన్ని పోగులకు యజమాని. ఆ కణాన్నీ దాని పోగులనూ కలిపి మోటార్ యూనిట్ అంటారు. 1925లో లిడెల్, షెరింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఇది. కంటిని తిప్పే కండరాల్లో ఒక కణం కింద కొద్దిపాటి పోగులే ఉంటాయి, పిక్కలో అయితే వెయ్యికి పైనే. కణం ఒక సంకేతం పంపితే దాని కింది పోగులన్నీ ఒక్కసారి ముడుచుకుని వదులవుతాయి. కొన్ని లాగి కొన్ని ఊరుకోవడం ఉండదు. పైగా యూనిట్ పనిలోకి దిగిన కొత్తలో సెకనుకు 8, 10 సంకేతాలే అందుతాయి. అంటే విడిగా చూస్తే ప్రతి యూనిట్ లాగుడూ కుదుపులమయమే.

అయినా డంబెల్ నిదానంగా, తడబడకుండా లేస్తుంది. రథోత్సవంలో మోకు పట్టిన వందలమందిని గుర్తు చేసుకోండి. ఒకరు ఊపిరి తీసుకునేలోగా పక్కవాళ్లు అందుకుంటుంటారు కాబట్టి రథం సాఫీగా సాగుతుంది. సగంమంది అలిసి తప్పుకుని, మిగిలినవాళ్లు ఒక్కపెట్టున లాగడం మొదలుపెడితే కుదుపులతో కదులుతుంది. సెట్ (ఆపకుండా వరసగా చేసే రెప్స్) ఆఖరున కండరంలో జరిగేది కూడా దాదాపు ఇదే.

యూనిట్లు పనిలోకి దిగడానికి ఒక వరస ఉంది. అమెరికా శాస్త్రవేత్త ఎల్వుడ్ హెన్నెమన్ 1957లో దాన్ని గుర్తించాడు. చిన్న యూనిట్లు ముందు, పెద్దవి తర్వాత. చిన్నవి త్వరగా అలసిపోవు, పెద్దవి బలంగా లాగుతాయి కానీ ఎక్కువసేపు నిలవవు. బరువు ఎక్కువైనా, చిన్న యూనిట్లు అలిసినా పెద్దవి రావాల్సిందే. అలా వచ్చిన ఒక్కో పెద్ద యూనిట్ లాగినప్పుడల్లా, వదిలినప్పుడల్లా మొత్తం బలంలో తేడా పడుతుంది. మార్చుకోవడానికి విశ్రాంతిగా ఉన్న యూనిట్లు కూడా అప్పటికి మిగలవు.

దీనికి తోడు వెన్నుపాము చేసే సవరింపులు. చెయ్యి కొద్దిగా జారితే కండరం సాగుతుంది, లోపలున్న సాగుడు గ్రాహకాలు ఆ సంగతి వెన్నుపాముకు చేరవేస్తాయి, అక్కణ్నుంచి ‘లాగు’ అని జవాబు వస్తుంది. ఈ రాకపోకలకు సెకనులో చిన్న భాగమే పడుతుంది, కానీ ఆ కాస్త ఆలస్యం చాలు. జవాబు వచ్చేసరికి పరిస్థితి మారిపోయి చెయ్యి అవసరానికి మించి పైకి లేస్తుంది, మళ్లీ దిగుతుంది. ఆరోగ్యవంతుల చేతుల్లో సెకనుకు 8 నుంచి 12 సార్లు ఉండే సహజమైన వణుకుకు ఉన్న కారణాల్లో ఇదొకటి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కనబడేది ఇదే. అలసట దాన్ని పెద్దది చేస్తుంది. అందుకే గట్టి సెట్ అయ్యాక నీళ్ల సీసా మూత తిప్పడం కూడా కష్టమవుతుంది.

కొత్తవాళ్లలో ఎక్కువ వణుకుకు ఇంకో కారణం ఉంది. మోచెయ్యి మడిచే కండరం లాగుతుంటే, దాన్ని చాచే వెనక కండరం కూడా భయంతో బిగుసుకుంటుంది. రెండూ పోట్లాడుకుంటాయి. కొన్ని వారాల సాధనతో ఈ పోట్లాట తగ్గుతుంది. మొదటి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నాడుల నేర్పువల్లే వస్తుందనీ, కండ పెరగడం తర్వాత సంగతనీ 1979లో మొరిటాని, డెవ్రీస్ చూపించారు. అద్దంలో చెయ్యి లావు కాలేదని దిగులుపడేవాళ్లు, వణుకు తగ్గిందా అని చూసుకుంటే మంచిది.

వెయిట్‌లిఫ్టింగ్‌లో ఈ స్థిరత్వానికే విలువ. బరువు తలపైకి ఎత్తితే సరిపోదు, ఒళ్లంతా కదలకుండా నిలిచాకే రిఫరీ దించమంటాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాలకు, తర్వాత తలపైకి ఎత్తడం) 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. 130 కిలోల కింద పోగులన్నీ కుదుపులు పెడుతుంటే మనిషి నిశ్చలంగా నిలబడటం ఎంత గొప్ప విద్యో, పై సంగతులు తెలిశాక నాకు ఇంకా బాగా అర్థమైంది.

వణుకును పెంచేవి కొన్ని మన చేతుల్లో ఉన్నాయి. నిద్ర చాలకపోవడం, వ్యాయామానికి ముందు తాగే కెఫీన్ పొడులు, కాఫీలు. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ కూడా చేతులు వణికిస్తుంది. షుగర్‌కు ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లు మాత్రం ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. వణుకుతో పాటు చల్లటి చెమట, గుండెదడ, ఆకలి ఉంటే అది కండరం అలసట కాకపోవచ్చు, చక్కెర పడిపోయి ఉండొచ్చు. బరువు కింద పెట్టి వెంటనే పంచదారో గ్లూకోజో తీసుకోవాలి.

రాత్రి పడుకున్నాక పిక్కలోనో కనురెప్పలోనో టపటపమని కొట్టుకునే అదురు వేరే రకం. ఏదో ఒక మోటార్ యూనిట్ అడక్కుండానే పేలడం అది. కన్నదిరితే శుభమా అశుభమా అని పెద్దవాళ్లు చూసేవారు. ఇప్పటి కుర్రవాళ్లు ఫోన్‌లో వెతికి, కండరాలను హరించే ఏఎల్ఎస్ అనే భయంకరమైన జబ్బు పేరు చదివి నిద్ర పోగొట్టుకుంటున్నారు. వాళ్లకు ఒక మాట చెప్పాలి. అమెరికాలో ఇలాంటి ఉత్త అదుర్లే ఉన్న 121 మందిని, ఒక్కొక్కరిని 2 నుంచి 32 ఏళ్లపాటు గమనించి 1993లో ఫలితాలు ప్రకటించారు. ఒక్కరికీ ఆ జబ్బు రాలేదు. చూసుకోవాల్సింది అదురును కాదు, బలాన్ని. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, నడుస్తుంటే చెప్పు తెలియకుండా జారిపోవడం, ఒక చెయ్యో కాలో సన్నబడటం, మాట ముద్దగా రావడం ఉంటే న్యూరాలజిస్టును కలవాలి.

‘వణుకుతోందంటే కొవ్వు కరుగుతోంది, ఆపొద్దు’ అని కొన్ని జిమ్‌లలో అంటుంటారు. ఇది తప్పు. వణుకుకూ కొవ్వుకూ సంబంధం లేదు. వణుకుతూ కూడా కదలిక సరైన దారిలో ఉంటే ఒకటి రెండు రెప్స్ చేయొచ్చు. నడుము వంగినా, బెంచ్ ప్రెస్‌లో రాడ్ ఒక పక్కకు ఒరిగినా అక్కడితో ఆపాలి, పక్కన పట్టుకునే మనిషి లేకుండా ఆ బరువుకు దిగకూడదు. చేరిన మొదటి రోజే వందల బస్కీలు తీయించే పద్ధతి మరీ ప్రమాదం. అలవాటు లేని ఒళ్లు ఒకేసారి అంత శ్రమపడితే పోగులు చిట్లి, అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయొచ్చు. ఒకటి రెండు రోజుల్లో తొడలు వాచి, నొప్పి భరించలేనంతగా ఉండి, మూత్రం కోలా రంగులో వస్తే ఒళ్లు నొప్పులే కదా అని మాత్ర వేసుకుని పడుకోకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రక్తంలో క్రియాటిన్ కైనేజ్ (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) పరీక్ష చేయించుకోండి.